సిఎంఎల్: 12 నెలలకు బిసిఆర్-ఎబిఎల్ 0.3 శాతం వచ్చింది, మందు మార్చాలా?

విభాగం: రక్త వ్యాధులు, తిరుపతి–చిత్తూరు

#1 ఏడుకొండల_నీడ

అందరికీ నమస్కారం. ఒక పేషెంటు రిపోర్టులు ఇంట్లోవాళ్ళ అనుమతితో ఇక్కడ పెడుతున్నాను. వయసు 46, ఊరు శ్రీకాళహస్తి పక్కన. సిఎంఎల్, అంటే దీర్ఘకాలిక మైలాయిడ్ ల్యుకేమియా. క్రానిక్ దశలోనే, అంటే జబ్బు ముదరక ముందే బయటపడింది. మందు ఇమాటినిబ్ 400 మి.గ్రా. మాత్ర, రోజుకొకటి. బిసిఆర్-ఎబిఎల్ (ఈ జబ్బు కణాల్లో ఉండే జన్యువు, రక్తంలో అది ఎంతుందో పిసిఆర్ పరీక్షతో కొలుస్తారు) విలువలు ఐఎస్, అంటే అంతర్జాతీయ స్కేలు మీద ఇవి: మొదట్లో 82 శాతం, 3 నెలలకు 14, 6 నెలలకు 2.1, 12 నెలలకు 0.3. తొమ్మిదో నెలలో చేయించలేదు. మొదటి మూడూ హైదరాబాదు ల్యాబ్‌వి, చివరిది చెన్నై ల్యాబ్‌ది. శాంపిల్ మాత్రం అన్నిసార్లూ తిరుపతిలోనే ఇచ్చారు.

ఇంట్లో రెండు మాటలు నడుస్తున్నాయి. కొడుకేమో "ఏడాదికి 0.1 లోపు రావాలట, రాలేదు, డాసాటినిబ్ అనే ఇంకో మందుకి మారుద్దాం" అంటున్నాడు. పెద్దవాళ్ళేమో "సిబిసి (రక్తకణాల లెక్క) అంతా నార్మల్‌గా ఉంది, ఇంత ఖర్చు పెట్టి ఈ పిసిఆర్ ఎందుకు" అంటున్నారు. తెలిసినవాళ్ళు చెప్పండి.

#2 హెమటాలజీ_ఓపీ

పెద్దవాళ్ళ మాట ముందు తీసుకుందాం, ఎందుకంటే ప్రమాదం అందులోనే ఎక్కువ.

సిబిసి నార్మల్ కావడం మొదటి మెట్టు మాత్రమే. తెల్లకణాలు 10,000 లోపు, ప్లేట్‌లెట్లు 4.5 లక్షల లోపు, బేసోఫిల్స్ 5 శాతం లోపు, రక్తంలో పసికణాలు లేకపోవడం, ప్లీహం చేతికి తగలకపోవడం. ఇవన్నీ కుదిరితే రక్తపరంగా పూర్తి స్పందన అంటాం. ఇమాటినిబ్ మీద ఎక్కువమందికి ఇది మొదటి మూడు నెలల్లోపే వస్తుంది. ఆ రోజున కూడా ఒంట్లో జబ్బు కణాలు లెక్కలేనన్ని ఉంటాయి, సిబిసికి అవి కనబడవు. మందు పట్టు తప్పినప్పుడు పిసిఆర్ అంకె ముందు పెరుగుతుంది, తెల్లకణాలు నెలల తర్వాత పెరుగుతాయి. సిబిసి పెరిగేదాకా ఆగితే ఒక్కోసారి జబ్బు ముదురు దశలోకి జారిపోయి ఉంటుంది.

ఇప్పుడు కొడుకు మాట. 2020 యూరోపియన్ ల్యుకేమియా నెట్ (సిఎంఎల్ చికిత్సకు మార్గదర్శకాలు ఇచ్చే నిపుణుల బృందం) పట్టిక ప్రకారం 3 నెలలకు 10 శాతం లోపు, 6 నెలలకు 1 లోపు, 12 నెలలకు 0.1 లోపు ఉంటే బాగున్నట్టు. 12 నెలలకు 1 దాటితే విఫలం. 0.1కీ 1కీ మధ్య ఉన్నది హెచ్చరిక. అంటే ఈ పేషెంటు విఫలం కాలేదు. మందు మార్చి తీరాలని హెచ్చరికకు అర్థం కాదు. కారణం వెతికి, దగ్గరగా గమనించమని.

82, 14, 2.1, 0.3: దారి కిందికే ఉంది. ఆలస్యంగా దిగుతోంది, అంతే. దిగుతున్నదాన్ని, దిగి ఒకచోట ఆగిపోయినదాన్ని, దిగి మళ్ళీ ఎక్కుతున్నదాన్ని ఒకే గాటన కట్టకూడదు.

#3 కపిలతీర్థం_ల్యాబ్

డాక్టర్‌గారి మాటకు ల్యాబ్ వైపు నుంచి కొన్ని చేర్పులు.

మొదటిది, ఆ 82ని పట్టించుకోవద్దు. చాలా ల్యాబ్‌లు పోలిక కోసం ఎబిఎల్ జన్యువునే కొలుస్తాయి. ఎబిఎల్‌ని పట్టే ప్రైమర్లు (పిసిఆర్‌లో జన్యువును గుర్తుపట్టే చిన్న ముక్కలు) బిసిఆర్-ఎబిఎల్‌లోని ఎబిఎల్ ముక్కను కూడా లెక్కపెట్టేస్తాయి. జబ్బు బాగా ఎక్కువున్నప్పుడు హారం కూడా ఉబ్బిపోయి శాతం తక్కువగా కనబడుతుంది. 10 శాతం పైన ఉన్న అంకెల మధ్య తేడాలకు అంత విలువ ఇవ్వలేం. 10 దిగాక లెక్క నమ్మదగ్గది.

దీంతో పాటే ఇంకో పొరపాటు చూస్తుంటాం. "నాకు 82 నుంచి మూడు లాగ్‌లు (వెయ్యి రెట్లు) తగ్గాలి, అంటే 0.082" అని సొంత లెక్క కడతారు. ఐఎస్ స్కేలులో 100 శాతం అన్నది ఎవరి సొంత మొదటి విలువా కాదు, అందరికీ ఒకటే ప్రమాణం. 0.1 అంటే మేజర్ మాలిక్యులర్ రెస్పాన్స్ (పిసిఆర్ లెక్కలో మంచి స్పందన), ఇంకా లోతుకు పోతే 0.01 అంటే ఎంఆర్4, 0.0032 అంటే ఎంఆర్4.5. మొదటి అంకె 60 ఉన్నా 120 ఉన్నా ఈ గీతలు మారవు.

రెండోది, ల్యాబ్ మార్చడం. ప్రతి ల్యాబ్‌కీ ఒక కన్వర్షన్ ఫ్యాక్టర్ ఉంటుంది. తమ ముడి శాతాన్ని దాంతో గుణించి ఐఎస్‌కి మారుస్తారు. ఆ ఫ్యాక్టర్‌ని ఎప్పటికప్పుడు సరిచూసుకునే ల్యాబ్‌ల మధ్య కూడా రెండు మూడు రెట్ల తేడా రావచ్చు. హైదరాబాదు 2.1 నుంచి చెన్నై 0.3కి ఏడు రెట్లు తగ్గింది కాబట్టి ఇక్కడ తగ్గుదల నిజమే. 0.3కి బదులు 0.9 వచ్చి ఉంటే ఏం చెప్పలేకపోయేవాళ్ళం. ఇకమీదట ఏదో ఒక ల్యాబ్‌నే పట్టుకోండి.

మూడోది, రిపోర్టులో ఎబిఎల్ కాపీల సంఖ్య (శాంపిల్‌లో ఎబిఎల్ ముక్కలు మొత్తం ఎన్ని దొరికాయో ఆ లెక్క) చూసి ఇక్కడ పెట్టండి. శాతం ఎంత నమ్మాలో చెప్పేది ఆ అంకే.

#4 నగరి_నూలు

రిపోర్టులో కాపీలు లేకపోతే? కొన్ని రిపోర్టులు ఒకే లైను ఉంటాయి, "డిటెక్టెడ్, 0.3%" అని. ఐఎస్ అన్న మాట కూడా ఉండదు.

#5 కపిలతీర్థం_ల్యాబ్

అడిగి తెప్పించుకోవాలి. మెషిన్‌లో ఉంటుంది, రిపోర్టులో వేయకపోవడమే. రిపోర్టులో నాలుగు ఉండాలి: ట్రాన్స్‌క్రిప్ట్ రకం (బిసిఆర్, ఎబిఎల్ ఎక్కడ అతుక్కున్నాయో చెప్పేది), ఐఎస్ శాతం, ఎబిఎల్ కాపీలు, శాంపిల్ తీసిన తేదీ–సమయం. ఐఎస్ అని రాయని శాతాన్ని 0.1 గీతతో పోల్చకూడదు, అది ఆ ల్యాబ్ సొంత శాతం.

కాపీల లెక్క: 10,000 ఎబిఎల్ కాపీలు ఉంటేనే 0.01 దాకా చూడగలిగినట్టు. 32,000 ఉంటే 0.0032 దాకా. 6,000 కాపీలతో "నాట్ డిటెక్టెడ్" అని వస్తే దానికి సంబరపడకూడదు. చూడాల్సినంత లోతుకు చూడనే లేదు.

#6 ఏడుకొండల_నీడ

ఫోన్ చేసి కనుక్కున్నాను. 12 నెలల శాంపిల్‌లో ఎబిఎల్ కాపీలు 8,400. రక్తం ఒకే ట్యూబు, 3 మి.లీ. తీశారట. శుక్రవారం సాయంత్రం తీశారు, చెన్నైలో ప్రాసెస్ చేసింది సోమవారం మధ్యాహ్నం.

#7 కపిలతీర్థం_ల్యాబ్

అదీ సంగతి. 8,400లో 0.3 శాతం అంటే సుమారు 25 కాపీలు. అంత తక్కువ లెక్కతో అసలు విలువ 0.15 అయినా కావచ్చు, 0.5 అయినా కావచ్చు. మందు మార్చేంత నిర్ణయం దీనిమీద నిలబెట్టలేం.

కాపీలు ఎందుకు తగ్గాయో చూడండి. మనం కొలిచేది ఆర్ఎన్ఎ. ట్యూబులో ఉన్నంతసేపూ కరిగిపోతూ ఉంటుంది. తీసిన 48 గంటల్లోపు ప్రాసెస్ చేయడం మంచిది, 72 దాటితే తీసుకోకూడదు. శుక్రవారం సాయంత్రం నుంచి సోమవారం మధ్యాహ్నానికి 66 గంటల పైమాటే. ఇక 3 మి.లీ. రక్తం. తెల్లకణాలు మైక్రోలీటరుకు 4,000 అనుకుంటే ఒక మి.లీ.లో 40 లక్షలు, 3 మి.లీ.లో కోటీ ఇరవై లక్షలు. 10 మి.లీ. తీసి ఉంటే 4 కోట్లు. చికిత్స మొదట్లో కౌంటు 2 లక్షలున్నప్పుడు చిన్న ట్యూబు చాలు, ఎక్కువ వేస్తే ఆర్ఎన్ఎ తీసే కాలమ్ మూసుకుపోతుంది కూడా. మందు పనిచేసి కౌంటు దిగాకే ఎక్కువ రక్తం కావాలి. కలెక్షన్ సెంటర్లలో ఈ తేడా చెప్పేవాళ్ళు తక్కువ. ఎప్పుడూ తీసే 3 మి.లీ.తోనే పంపేస్తారు.

తిరుపతి, చిత్తూరు నుంచి బయటి ల్యాబ్‌కి పంపేటప్పుడు:

ఊదారంగు మూత ఈడీటీఏ ట్యూబులే వాడాలి. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబు వద్దు, హెపారిన్ పిసిఆర్‌ని అడ్డుకుంటుంది. మొత్తం 10 మి.లీ. ట్యూబు నింపగానే ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గడ్డకడితే శాంపిల్ పోయినట్టే. సోమ, మంగళ, బుధవారాల్లో ఉదయమే తీయించాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య పంపాలి. జెల్ ప్యాక్‌కి ట్యూబు నేరుగా తగలకుండా మధ్యలో గుడ్డో కాగితమో చుట్టాలి. గడ్డకట్టి కరిగితే కణాలు పగిలిపోయి ఆర్ఎన్ఎ పాడవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 దాటుతుంది. థర్మాకోల్ పెట్టె లేకుండా కవర్లో వేసి బస్సులో ఇచ్చి పంపితే ఆ డబ్బు వృథా. పెట్టెమీద తీసిన సమయం రాయాలి.

దగ్గర్లో మాలిక్యులర్ ల్యాబ్ ఉంటే రక్తంలోని ఎర్రకణాలు తీసేసి, తెల్లకణాలను అదే రోజు ట్రైజాల్ అనే, ఆర్ఎన్ఎను కాపాడే ద్రావణంలో కరిగించి మైనస్ 80లో పెట్టించుకోవచ్చు. అప్పుడు ప్రయాణం గురించి బెంగ తక్కువ. కార్ట్రిడ్జ్ పద్ధతిలో అక్కడికక్కడే చేసే మెషిన్లు కూడా ఉన్నాయి, రెండు మూడు గంటల్లో ఐఎస్ విలువ ఇస్తాయి. మీ ఆసుపత్రిలో ఉందేమో అడగండి.

#8 చిత్తూరు_గాంధీరోడ్డు

చిత్తూరువాళ్ళకు ఒక వెసులుబాటు ఉంది. వేలూరు గంట దారి. శాంపిల్ పంపేకంటే మనిషే పోయి ఇచ్చి రావచ్చు, ట్యూబు ప్రయాణం అనేదే ఉండదు. మదనపల్లె, పలమనేరు వైపువాళ్ళు బెంగళూరు చూసుకుంటారు. ఏదైనా సరే, ఒకసారి పెట్టుకున్న చోటే కొనసాగించాలన్నది ముఖ్యం.

అయితే నా అభిప్రాయం వేరు. 3 నెలలకు 14, 6 నెలలకు 2.1, 12 నెలలకు 0.3. మూడుసార్లూ గీత తప్పింది. వయసు 46. మెరుగైన మందు ఉండగా ఇంకా ఎందుకు ఆగాలి?

#9 పీలేరు_ఫార్మసీ

అన్నా, మందు మార్చే ముందు ఉన్న మందు కడుపులోకి పోతోందా లేదా చూడాలి. 2010లో లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రివాళ్ళు 87 మంది పేషెంట్ల మందు సీసా మూతల్లో చిప్ పెట్టి మూడు నెలలు లెక్కపెట్టారు. మూత తీసిన ప్రతిసారీ నమోదవుతుంది. మాత్రల్లో 90 శాతానికి మించి వేసుకున్నవాళ్ళలో ఆరేళ్ళకు మేజర్ రెస్పాన్స్ వచ్చే అవకాశం 94.5 శాతం. 90, అంతకన్నా తక్కువ వేసుకున్నవాళ్ళలో 28.4. మందు ఒకటే, జబ్బు ఒకటే. తేడా అంతా మానేసిన మాత్రల్లోనే.

నెలకు 90 శాతం అంటే 27 మాత్రలు. మూడు మానేస్తే అంచు మీద ఉన్నట్టు.

మన వైపు ఈ మానేయడం ఎట్లా జరుగుతుందో చెప్తాను. శనివారం ఒక్కపొద్దు. ఇమాటినిబ్ అన్నం తిన్నాక వేసుకోవాలని చెప్పి ఉంటారు కాబట్టి, పొద్దున టిఫిన్ తినని రోజు మాత్ర కూడా వదిలేస్తారు. నాలుగు శనివారాలు పోతే 30లో 26, అంటే 87 శాతం. ఏకాదశులు రెండు కలిస్తే 24, సరిగ్గా 80 శాతం. ఆ అధ్యయనంలో 80, అంతకు లోపు ఉన్నవాళ్ళలో ఒక్కరికీ మాలిక్యులర్ రెస్పాన్స్ రాలేదు. శనివారాల ఒక్కపొద్దులు ఎక్కువుండే పెరటాసి నెలలో ఇంకా జాగ్రత్తగా అడగాలి.

ఉపవాసం మానమని ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒక్కపొద్దు అంటేనే ఒకపూట భోజనం ఉంది కదా. ఆ భోజనంతో వేసుకుంటే సరి. రోజుకొక్క మాత్రే, పూట మారినా నష్టం లేదు. నిరాహారంగా ఉండే రోజున పాలతోనో పండుతోనో, పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోవచ్చు. అన్నంతో వేసుకోమనేది కడుపులో వికారం రాకుండా. తిండి లేకపోతే మందు ఒంటికి పట్టదని కాదు. ఈ ఒక్క ముక్క తెలియక మాత్రలు పోగొట్టుకుంటారు.

అడిగే తీరు కూడా ముఖ్యం. "మందు సరిగా వేసుకుంటున్నారా" అంటే ఎవరైనా అవుననే చెప్తారు. "పోయిన నెలలో ఏయే రోజులు తప్పింది" అని అడగాలి. అంతకన్నా మంచిది బిల్లులు లెక్కపెట్టడం. 30 మాత్రల డబ్బాలు ఏడాదిలో 10 తీసుకుని ఉంటే 300 రోజులు, 82 శాతం.

ఇంకొకటి, 100 మి.గ్రా. మాత్రలు ఇచ్చినప్పుడు నాలుగు వేసుకోవాల్సింది పాత అలవాటుగా ఒకటే వేసుకోవడం. డబ్బా మీద మోతాదు చదివించి చూడండి.

#10 ఏడుకొండల_నీడ

మీరు చెప్పినట్టే అడిగాను. శనివారాలు వేసుకోవడం లేదు. బిల్లుల ప్రకారం ఏడాదిలో 10 డబ్బాలు. మొదటి రెండు నెలల్లో ప్లేట్‌లెట్లు పడిపోయి మూడు వారాలు ఆపారట కూడా.

#11 హెమటాలజీ_ఓపీ

చాలావరకు తేలిపోయింది. మొదటి మూడు నెలల్లో మూడు వారాలు మందు లేదు కాబట్టి 14 శాతాన్ని మందు లోపంగా చూడలేం. ఆ తర్వాత నెలకు నాలుగు మాత్రలు పోతున్నా అంకె దిగుతూనే వచ్చింది. అంటే మందుకు జబ్బు లొంగుతోంది.

చిత్తూరు సోదరుడు అడిగింది న్యాయమైన ప్రశ్నే. మూడు గీతలూ తప్పి, మాత్రలన్నీ సక్రమంగా వేసుకుంటున్న మనిషైతే నేను కూడా మార్పు గురించి మాట్లాడేదాన్ని, ముఖ్యంగా మొదట్లో సోకల్ స్కోరు (జబ్బు ప్రమాదం ఎంతో చెప్పే లెక్క) ఎక్కువ ఉంటే. ఆ స్కోరుకు వయసు, పక్కటెముకల కింద ప్లీహం ఎన్ని సెం.మీ. దిగిందో, ప్లేట్‌లెట్లు, బ్లాస్ట్‌ల (ఎదగని పసికణాల) శాతం కావాలి. ఇవన్నీ మందు మొదలుపెట్టక ముందువే అయి ఉండాలి. తెల్లకణాలు తగ్గించే హైడ్రాక్సీయూరియా వేశాక కొలిచినవి పనికిరావు. మొదటి రోజు కేసు షీటులో ప్లీహం కొలత రాయకపోతే ఆ స్కోరు తర్వాత ఎప్పటికీ రాదు.

ఈ పేషెంటుకు నేను చెప్పేది: ఇదే మందు, రోజూ తప్పకుండా. మూడు నెలల తర్వాత 10 మి.లీ. రక్తంతో, ఒకే ల్యాబ్‌లో మళ్ళీ పిసిఆర్. 0.1 లోపుకో దాని దగ్గరికో వస్తే అదే కొనసాగింపు. 0.3 దగ్గరే ఆగిపోతే మాట్లాడాలి. 1 దాటితే నెలలోపు మళ్ళీ చేసి ఖాయపరచుకుని, మ్యుటేషన్ పరీక్ష, అంటే మందుకు లొంగకుండా చేసే జన్యుమార్పు ఉందేమో వెతకడం.

మ్యుటేషన్ పరీక్ష ఇప్పుడే చేయించమని కొందరు తొందరపెడతారు. బిసిఆర్-ఎబిఎల్ ఇంత తక్కువున్నప్పుడు చదవడానికి సరిపడా సరుకు దొరకక పరీక్ష తరచూ విఫలమవుతుంది. జన్యువును చదివే సాంగర్ పద్ధతికి జబ్బు కణాల్లో 20 శాతం దాకా మార్పు ఉంటేగానీ దొరకదు. ఎన్‌జిఎస్ అనే కొత్త పద్ధతితో ఇంకా చిన్నవి దొరుకుతాయి. ఫలితం వస్తే దాన్నిబట్టే మందు ఎంచుకోవాలి. టి315ఐ అనే మార్పు ఉంటే ఇమాటినిబ్, డాసాటినిబ్, నీలోటినిబ్ మూడూ పనిచేయవు, పొనాటినిబ్ లేదా అసిమినిబ్ కావాలి. వై253హెచ్, ఇ255కె ఉంటే డాసాటినిబ్ మేలు. ఎఫ్317ఎల్ ఉంటే డాసాటినిబ్ వద్దు, నీలోటినిబ్ చూడాలి. పరీక్ష లేకుండా గుడ్డిగా మారిస్తే తప్పు మందు మీద మూడు నెలలు పోతాయి.

#12 చిత్తూరు_గాంధీరోడ్డు

ఒప్పుకుంటున్నాను మేడమ్. 10 డబ్బాల సంగతి తెలియక ముందు రాశాను.

ఇంకో పేషెంటు గురించి అడుగుతాను. అంకె ఏడాదిపాటు 0.04 దగ్గర నిలకడగా ఉండి ఒక్కసారిగా 0.6కి పోయింది. మాత్ర ఒక్కటి కూడా తప్పలేదు, బిల్లులు 12కి 12 ఉన్నాయి. రెండు నెలల క్రితం టీబీ మందులు మొదలుపెట్టారు.

#13 పీలేరు_ఫార్మసీ

రిఫాంపిసిన్ అన్నా, అదే కారణం. కాలేయంలో సివైపి3ఎ4 ఎంజైమును రెచ్చగొట్టి ఇమాటినిబ్‌ని త్వరత్వరగా విరిచేస్తుంది. ఒంటికి అందే మందు మొత్తం 74 శాతం దాకా పడిపోతుంది. 400 వేసుకున్నా 100 వేసుకున్నట్టే. టీబీ డాక్టర్‌కి సిఎంఎల్ సంగతి, సిఎంఎల్ డాక్టర్‌కి టీబీ సంగతి ఇవాళే చెప్పించండి. టీబీ మందు సొంతంగా ఆపొద్దు, ఇమాటినిబ్ సొంతంగా పెంచొద్దు. ఆ ఇద్దరూ కలిసి తేల్చాల్సిన విషయం.

ఫిట్స్‌కి వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్, ఫినోబార్బిటోన్ కూడా అంతే. తిరగబడి పనిచేసేవి క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్, కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్. వీటితో ఇమాటినిబ్ పెరిగి వాపులు, వాంతులు ఎక్కువవుతాయి. గ్రేప్‌ఫ్రూట్, పంపరపనస లాంటివి తగ్గించమంటాం.

డాసాటినిబ్, నీలోటినిబ్‌కి మారినవాళ్ళకు ఇంకో గొడవ ఉంది. మన దగ్గర పొద్దున లేస్తూనే పాంటాప్రజోల్ వేసుకునేవాళ్ళు లెక్కలేనంతమంది. ఇమాటినిబ్‌కి దాంతో ఇబ్బంది లేదు. ఆ రెండు మందులూ మాత్రం కడుపులో ఆమ్లం తగ్గితే సరిగా పట్టవు. నీలోటినిబ్ ఖాళీ కడుపున వేసుకోవాలి, ముందు రెండు గంటలు తర్వాత గంట తిండి ఉండకూడదు. ఇమాటినిబ్ అలవాటులో సంగటి తిన్న వెంటనే వేసుకుంటే మందు మోతాదుకు మించి రక్తంలోకి చేరి గుండె లయకు ప్రమాదం. మందు మార్చిన రోజే ఈ తేడా కాగితం మీద రాసివ్వాలి.

#14 హెమటాలజీ_ఓపీ

సరిగ్గా చెప్పారు. ఇటువంటి చోట రక్తంలో ఇమాటినిబ్ స్థాయి కొలవడం కూడా ఉపయోగం. మాత్ర వేసుకుని 24 గంటలు గడిచాక, తర్వాతి మాత్రకు ముందు రక్తం తీయాలి. మి.లీ.కి 1,000 నానోగ్రాములకు పైన ఉంటే చాలంటారు. ఎప్పుడు పడితే అప్పుడు తీస్తే ఆ అంకెకు అర్థం లేదు.

#15 నగరి_నూలు

ప్లేట్‌లెట్లు పడిపోయి ఆపారని పైన అన్నారు కదా. ఏ అంకె దగ్గర ఆపాలి, ఎప్పుడు మొదలుపెట్టాలి? చాలామంది 1.2 లక్షలకే భయపడి ఆపేస్తున్నారు.

#16 హెమటాలజీ_ఓపీ

క్రానిక్ దశలో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) 1,000 లోపు గానీ, ప్లేట్‌లెట్లు 50,000 లోపు గానీ పడితే ఆపుతాం. న్యూట్రోఫిల్స్ 1,500, ప్లేట్‌లెట్లు 75,000 దాటగానే మళ్ళీ 400తోనే మొదలు. రెండోసారి పడితే కోలుకున్నాక 300తో. 1.2 లక్షలకు ఆపనక్కర్లేదు. మొదటి నెల వారానికోసారి, రెండో నెల రెండు వారాలకోసారి సిబిసి చూసేది ఇందుకే. ఆపిన తేదీ, మొదలెట్టిన తేదీ పిసిఆర్ రిపోర్టు పక్కనే రాసిపెట్టుకుంటే ఏ అంకె ఎందుకు వచ్చిందో తర్వాత అర్థమవుతుంది.

కళ్ళ కింద పొద్దున వాపు, పిక్కలు పట్టేయడం, ఒంటి రంగు తేలికపడడం మామూలే, ఆపాల్సినవి కావు. వారంలో బరువు గబగబా పెరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే చూపించాలి. లివర్ పరీక్షలు మొదట్లో నెలకోసారి.

#17 కాణిపాకం_క్రాస్

మా నాన్నగారికి ఇమాటినిబ్ మొదలుపెట్టి మూడేళ్ళు. గత రెండు పిసిఆర్‌లు "నాట్ డిటెక్టెడ్". ఇక మందు ఆపేయొచ్చని ఒకరు చెప్పారు. నిజమేనా?

#18 హెమటాలజీ_ఓపీ

ఇప్పుడు వద్దండీ. మందు లేకుండా ఉండే ప్రయత్నం అనేది ఉంది, నిజమే. దానికి షరతులు ఉన్నాయి. క్రానిక్ దశ తప్ప వేరే దశ ఎప్పుడూ వచ్చి ఉండకూడదు. ఇమాటినిబ్ ఐదేళ్ళు దాటి ఉండడం మంచిది. ఎంఆర్4 లేదా అంతకు లోతైన స్పందన కనీసం రెండేళ్ళు నిలిచి ఉండాలి. ఆపాక మొదటి ఆరు నెలలు నెలనెలా, ఆ తర్వాత ఏడాది నిండేదాకా రెండు నెలలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి పిసిఆర్ చేయించగలగాలి. ఫలితం నాలుగు వారాల్లోపు చేతికి రావాలి.

ఇవన్నీ ఉన్నా ఆపినవాళ్ళలో సుమారు సగం మందికి తిరగబెడుతుంది, ఎక్కువగా మొదటి ఆరు నెలల్లోనే. 0.1 దాటగానే మందు మళ్ళీ మొదలుపెడితే దాదాపు అందరూ తిరిగి అదుపులోకి వస్తారు. నెలనెలా పరీక్ష ఖర్చు భరించలేని చోట, శాంపిల్ చెడిపోయే చోట ఈ ప్రయత్నం చేయకూడదు. ఆపాక కొందరికి కీళ్ళు, కండరాల నొప్పులు వస్తాయి, అది జబ్బు తిరగబెట్టడం కాదు.

ముందు ఆ రెండు రిపోర్టుల్లో ఎబిఎల్ కాపీలు ఎన్నున్నాయో చూడండి.

#19 కాణిపాకం_క్రాస్

ఒకదాంట్లో 41,000. ఇంకోదాంట్లో 5,200.

#20 కపిలతీర్థం_ల్యాబ్

41,000ది నిజంగా మంచి ఫలితం. 5,200దాన్ని లెక్కలోంచి తీసేయండి.

ఇంకొక్కటి చూడాలి. మొదటిసారి నిర్ధారణ చేసినప్పుడు ట్రాన్స్‌క్రిప్ట్ రకం ఏమని రాశారు? ఎక్కువమందికి ఇ13ఎ2 లేదా ఇ14ఎ2 ఉంటుంది. కొన్ని పాత రిపోర్టుల్లో బి2ఎ2, బి3ఎ2 అని ఉంటుంది, అవే ఇవి. మామూలు పిసిఆర్ కిట్ పట్టేది వీటినే, ఐఎస్ స్కేలు ఉన్నదీ వీటికే. అరుదుగా ఇ1ఎ2, ఇ19ఎ2, ఇ14ఎ3 లాంటివి ఉంటాయి. అటువంటివాళ్ళకు మామూలు కిట్‌తో చేస్తే జబ్బు నిండా ఉన్నా "నాట్ డిటెక్టెడ్" అనే వస్తుంది. మొదటి రిపోర్టు పాజిటివ్ వచ్చింది ఫిష్ అనే రంగు గుర్తుల పరీక్షలోనో క్రోమోజోమ్ పరీక్షలోనో మాత్రమే అయి, పిసిఆర్ ఎప్పుడూ పాజిటివ్ రాకపోతే అనుమానించాలి.

#21 కాణిపాకం_క్రాస్

మొదట్లో పిసిఆర్‌లో 61 శాతం, బి3ఎ2 అని ఉంది. మందు కొనసాగిస్తాం. నాన్నగారికీ అదే చెప్పాను.

#22 ఏడుకొండల_నీడ

ఇంటివాళ్ళకు అన్నీ వివరించాను. శనివారం మాత్ర రాత్రి ఒక్కపొద్దు భోజనంతో వేసుకోవడానికి ఒప్పుకున్నారు. ఒక సందేహం మిగిలింది. తర్వాతి పరీక్ష హైదరాబాదులోనా చెన్నైలోనా? పథకం కింద వస్తుందా?

#23 కపిలతీర్థం_ల్యాబ్

పథకం సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర దగ్గర అడగండి. మందు వేరు, పరీక్ష వేరు, రెండూ విడివిడిగా అడగాలి.

ల్యాబ్ విషయంలో, తిరుపతిలో ఉదయం తీసిన శాంపిల్ ఏ ల్యాబ్‌లో 24 గంటల్లోపు ప్రాసెస్ అవుతుందో అదే తీసుకోండి. రెండిటికీ ఫోన్ చేసి మూడు అడగండి: శాంపిల్ అందిన రోజే ఆర్ఎన్ఎ తీస్తారా, రిపోర్టులో ఎబిఎల్ కాపీలు వేస్తారా, 10,000 లోపు వస్తే మళ్ళీ శాంపిల్ అడుగుతారా లేక అట్లాగే రిపోర్టు ఇచ్చేస్తారా. మూడో ప్రశ్నకు "మళ్ళీ అడుగుతాం" అన్నవాళ్ళను ఎంచుకోండి. పాత రిపోర్టులన్నిటి జిరాక్సులు, ట్రాన్స్‌క్రిప్ట్ రకం ఉన్న మొదటి కాగితంతో సహా, ఆ ల్యాబ్‌కి పంపే మొదటి శాంపిల్‌తోపాటే పంపండి.